‘ఫెయిర్’ అన్న ఒక్క మాట, ఇటాలియన్‌లో తొమ్మిది మాటలు: ఎవరి మాట వినాలి?

తన పేరు బయటకు రాకూడదన్న షరతుతో ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. క్లుప్తంగా చెబుతాను.

ఆవిడ మాతృభాష తెలుగు. ఇటాలియన్‌ను పెళ్లి చేసుకుని ఇటలీలో స్థిరపడి చాలా ఏళ్లయింది. భాష పట్టుదలగా నేర్చుకున్నారు. మొదట్లో ఆఫీసు కాగితాలు, తర్వాత కథలు అనువదించి, ఇప్పుడు ఒక చిన్న ప్రచురణ సంస్థ కోసం ఒక ఇంగ్లిష్ నవలను ఇటాలియన్‌లోకి తెస్తున్నారు. తల్లి పోయాక ఆమె ఇల్లు పంచుకోవాల్సిన అక్కాచెల్లెళ్ల కథ అది. నవల పేరు ‘ఫెయిర్’. ఆ మాట పేరుతో ఆగలేదు, కథంతా అల్లుకుపోయింది. అక్క ఫెయిర్‌గా ఉంటుంది, జుట్టు బంగారు రంగు. పంపకం ఫెయిర్‌గా లేదు. చిన్నప్పుడు చెల్లెల్ని మరిచిపోయి అందరూ ఇంటికొచ్చేసింది ఊళ్లో జరిగే ఫెయిర్ నుంచి, అంటే సంత నుంచి. తల్లి రాసిపెట్టిన వీలునామా ఫెయిర్ కాపీ. అంత్యక్రియల రోజు వాతావరణం ఫెయిర్. ఆఖరికి చెల్లెలు అన్నిటికీ సరేనంటూ పలికే మాట కూడా ‘ఫెయిర్ ఎనఫ్’.

దీనికి ఈవిడ తొమ్మిది వేర్వేరు ఇటాలియన్ మాటలు వాడారు. కొద్దిగా ఇటాలియన్ చదవగలిగిన ఆ నవలా రచయిత్రి నమూనా అధ్యాయాలు చూసి, ‘నా ఒక్క మాటను తొమ్మిది ముక్కలు చేశారు’ అని నొచ్చుకుంటూ రాసింది. ప్రచురణ సంస్థ తరఫున అనువాదాన్ని దిద్దే రివైజర్‌ది దీనికి సరిగ్గా ఎదురు ఫిర్యాదు. న్యాయమైనది అని చెప్పే ‘జూస్తో’ అన్న మాట పదే పదే వస్తోందని ఆయన సగం చోట్ల తీసేసి పర్యాయపదాలు పెట్టాడు. మార్జిన్‌లో ఒక వ్యాఖ్య కూడా చేశాడు: ‘పుట్టుకతో ఇటాలియన్ మాట్లాడే చెవికి ఇది గుచ్చుకుంటుంది.’ ఆ వాక్యం చదివిన రాత్రి నుంచి నిద్ర లేదంటారు ఈవిడ. భర్తను అడిగితే ఒకరోజు ఒక మాట బాగుందంటాడు, మరుసటి రోజు ఇంకొకటి. ఆ మాట మీదే ఇద్దరికీ రోజూ వాదన. ‘అన్నిటికీ సరిపోయే ఒక్క ఇటాలియన్ మాట ఉందా? లేకపోతే రచయిత్రి మాట వినాలా, రివైజర్ మాటా? నా పేరు తీసేయమని, అడ్వాన్సు తిరిగిచ్చేసి తప్పుకోనా?’ ఇవీ ఆవిడ ప్రశ్నలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు సూటిగానే ఉంది: అలాంటి మాట లేదు. మీరు వెతకడంలో లోపం లేదు, మీ ఇటాలియన్‌లోనూ లోపం లేదు. ఇటలీలో పుట్టి, అక్కడే చదివి, ముప్పై ఏళ్లుగా అనువాదాలే చేస్తున్న మనిషికి ఈ నవల ఇచ్చినా ఆ తొమ్మిది మాటల దగ్గరే ఆగుతారు. దీన్ని ముందు మనసులోకి దిగనివ్వండి. మీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను కష్టపెట్టింది: ‘నాకు రాని మాట ఏదో ఉండే ఉంటుంది, నేను పరాయిదాన్ని కాబట్టి తట్టడం లేదు.’ మీకు రాని మాట ఏదీ లేదు. ఈ చిక్కు రెండు భాషల మధ్య ఉంది.

ఎందుకు లేదో మీకు తెలిసినదే అయినా విడదీసి చెబుతాను. రచయిత్రికి రాయబోయే జవాబులో ఇది మీకు పనికొస్తుంది. ఇంగ్లిష్‌లో ‘ఫెయిర్’ అన్నది నిజానికి ఒక మాట కాదు, రెండు. అందమైనది అన్న అర్థంతో పాత ఇంగ్లిష్ నుంచి వచ్చింది ఒకటి. చూడచక్కని మనిషి, తెరిపిగా ఉన్న ఆకాశం, లేత రంగు జుట్టు, కొట్టివేతలు లేని శుభ్రమైన ప్రతి, చివరికి మచ్చలేని నడవడి, న్యాయం, ఇవన్నీ ఆ ఒక్క అందం లోంచి కొమ్మలుగా వచ్చాయి. సంత అనే ‘ఫెయిర్’ పుట్టుక వేరు. అది లాటిన్‌లో పండుగ రోజును చెప్పే ‘ఫేరియా’ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఇటాలియన్ ‘ఫియేరా’ కూడా ఆ లాటిన్ మాట బిడ్డే. ఈ రెండూ ఇంగ్లిష్‌లో ఒకే అక్షరాలతో, ఒకే ఉచ్చారణతో కలిసిపోవడం వట్టి కాకతాళీయం. రచయిత్రి ఆ కాకతాళీయాన్ని పట్టుకుని నవల అల్లింది. అందంగానే అల్లింది. కానీ అది ఆమె భాషలో జరిగిన సంగతి. ఇటాలియన్‌లో జరగలేదు.

ఇటాలియన్ ఏం చేసిందంటే, అందాన్నీ న్యాయాన్నీ రెండు మాటలకు పంచి ఇచ్చింది. అందం వైపువన్నీ ‘బెల్లో’ కిందికి వెళ్లాయి. మంచి వాతావరణం ‘బెల్ తెంపో’, ఫెయిర్ కాపీ ‘బెల్లా కోపియా’. న్యాయం వైపువన్నీ ‘జూస్తో’ కిందికి. మిగిలిన జుట్టు రంగుకు ‘కియారో’ అనో ‘బియొందో’ అనో, ఓ మోస్తరు అన్న అర్థానికి ‘దిస్క్రేతో’. ఆ ‘జూస్తో’ కూడా న్యాయం దగ్గర ఆగదు, సరైనది అన్న అర్థాన్నీ మోస్తుంది. ‘ఉన్ ఉవోమో జూస్తో’ అంటే న్యాయం తప్పని మనిషి. ముందున్న చిన్న మాట మార్చి ‘లువోమో జూస్తో’ అంటే తగిన మనిషి, సరిజోడు. రచయిత్రి నిఘంటువు దగ్గర పెట్టుకుని చదివితే ఇవి కనిపించవు. పైగా జూస్తో, జూస్తా, జూస్తి, జూస్తే అని లింగ వచనాలను బట్టి మాట చివర మారుతూ ఉంటుంది కాబట్టి, ఆమె లెక్కేసిన ముక్కల్లో కొన్ని ఒకే మాట రూపాలేమో చూడండి.

ఇక ఏం చేయొచ్చు? ముందుగా ఒక పని చేయమంటాను. దారి ఏదైనా ఇది అవసరమే. నవలలో ఆ మాట వచ్చిన ప్రతి వాక్యాన్నీ ఒక ఫైల్‌లోకి ఎత్తి రాసుకోండి. పక్కన ఇటాలియన్ పెట్టొద్దు, ఇంగ్లిష్ ఒక్కటే. తర్వాత ప్రతి వాక్యం దగ్గరా ఒకే ప్రశ్న: ఇక్కడ ఈ మాట ఊరికే తన పని తాను చేసుకుపోతోందా, నవల ఇతివృత్తాన్ని మోస్తోందా, లేక ఇదే మాట తాలూకు ఇంకో అర్థాన్ని తగులుతోందా? నా అంచనా ప్రకారం చాలా వాక్యాలు మొదటి రకంలోకి పోతాయి. ‘ఎ ఫెయిర్ అమౌంట్’, ‘ఫెయిర్ వెదర్’ లాంటివి ఇంగ్లిష్ పాఠకులకు కూడా ఇతివృత్తంగా వినిపించవు. అక్కడ ఇటాలియన్‌లో ఏది సహజమో అది రాసేయండి, రివైజర్ ఏది పెట్టినా ఒప్పేసుకోండి. ఒక్క ‘ఫెయిర్ ఎనఫ్’ మాత్రం జాగ్రత్త. మధ్యలో వచ్చే చోట్ల ‘దాక్కోర్దో’, అంటే ‘సరే’, అని పెడితే చాలు. చివరి పేజీలోది మాత్రం రెండో రకం. అక్కడ ‘జూస్తో’ అన్న ధ్వని వినపడాలి. ‘వా బేనే, ఎ జూస్తో’ అనొచ్చు, సరే, న్యాయమే అని. చెల్లెలు లొంగిపోయిందో, నిజంగానే ఒప్పుకుందో తేలకుండా ఉంటుంది, ఇంగ్లిష్‌లో ఉన్నట్టే.

రెండో రకమే మీకూ రివైజర్‌కీ మధ్య గొడవ. ఆయన వ్యాఖ్య మీకు అవమానంగా తగిలింది. తగులుతుంది మరి, అలా రాయాల్సింది కాదు. కానీ ఆ వ్యాఖ్యలో మీ పుట్టుకను పక్కన పెట్టి, ఆయన చేసిన పని చూడండి. ఇటలీ బడుల్లో వ్యాసం దిద్దేటప్పుడు టీచర్లు మొట్టమొదట ఎర్ర గీత పెట్టేది ఒకే మాట మళ్లీ వస్తే. పునరుక్తి కూడదు, పర్యాయపదం వెతుక్కో అన్నది చిన్నప్పుడే ఎముకల్లోకి ఎక్కించేస్తారు. మీ రివైజర్ చేసింది అదే. ‘జూస్తో’ పేజీలో మూడోసారి కనబడగానే చెయ్యి దానంతట అదే కదిలి ‘ఎక్వో’, ‘కొర్రెత్తో’, ‘ఒనెస్తో’, ‘లెజిత్తిమో’ పెట్టుకుంటూ పోయింది. మీ బదులు ఆయన సొంత తమ్ముడు అనువదించినా అంతే చేసేవాడు.

అయితే ఆ మార్పులు నవలను దెబ్బతీస్తున్నాయి, అది మీరు వదులుకోకూడని విషయం. ఎనిమిదేళ్ల చెల్లెలు సంతలో ఒంటరిగా నిలబడి ‘ఇది న్యాయం కాదు’ అనుకునే మాటను ఆయన ‘నొన్ ఎ ఎక్వో’ అని మార్చినట్టు రాశారు. ఏ ఇటాలియన్ పిల్లా అలా అనదు. ‘ఎక్వో’ చట్టాల్లోనూ ఒప్పందాల్లోనూ తిరిగే మాట. 1978 అద్దెల చట్టం తెచ్చిన ‘ఎక్వో కానోనే’లో, అంటే సర్కారు లెక్క కట్టిన అద్దెలో ఉండేది అది. ఫెయిర్ ట్రేడ్‌ను చెప్పే ‘కొమ్మెర్చో ఎక్వో ఎ సొలిదాలే’లో ఉండేదీ అదే. ఇటలీలో పిల్లలు కాలు నేలకేసి కొడుతూ అరిచేది ‘నొన్ ఎ జూస్తో!’ అనే. ఆ పిల్ల పెద్దదై, లాయరు గదిలో కూర్చుని, మళ్లీ అదే మాట అంటుంది. రెండు చోట్లా అదే మాట వినిపిస్తేనే నలభై ఏళ్ల మనిషి లోపల ఎనిమిదేళ్ల పిల్ల కనిపిస్తుంది. ఆయన ఒక చోట ‘ఎక్వో’, ఇంకో చోట ‘లెజిత్తిమో’ పెడితే ఆ పిల్ల మాయమైపోతుంది. నవలే మాయమైపోతుంది అనాలి అసలు.

ఆయనతో ఈ విషయం ఎలా మాట్లాడతారన్నదాన్ని బట్టి ఫలితం ఉంటుంది. ఫైల్‌లో ఆయన ప్రతి మార్పునూ కొట్టేస్తూ పోయారనుకోండి, అది పంతానికి పంతం అవుతుంది. చిన్న ప్రచురణ సంస్థల్లో సంపాదకులు ఎక్కువగా రివైజర్ వైపే మొగ్గుతారు. అలా కాకుండా ఒక గంట ముఖాముఖి కూర్చుందామని అడగండి. మొదటి రకం వాక్యాలన్నీ మీకే వదిలేస్తున్నాను అని ముందే చెప్పండి. తర్వాత ఆ రెండు సన్నివేశాలే, సంత, లాయరు గది, ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఆయన్నే బయటికి చదవమనండి. పునరుక్తి ఇటాలియన్‌కు సరిపడదని ఆయన అంటే, ఇటాలియన్ రచయిత్రి నతాలియా గింజ్‌బుర్గ్ పేరు ఎత్తండి. 1963లో స్త్రేగా సాహిత్య బహుమతి పొందిన ఆమె పుస్తకం నిలబడిందే ఒక కుటుంబంలో మళ్లీ మళ్లీ వినిపించే మాటల మీద. ఆ మాటలకు ఎవరూ పర్యాయపదాలు వెతకరు. ఇది మీ చెవికీ ఆయన చెవికీ మధ్య పోటీ కాకుండా, ఆ పుస్తకానికేం కావాలన్న చర్చగా మారుతుంది. ఆయన అప్పటికీ ఒప్పుకోకపోతే సంపాదకుల దగ్గరికి వెళ్లండి. ఈ రెండు సన్నివేశాలతోనే వెళ్లండి, మొత్తం ఫైల్‌తో కాదు.

ఇక మూడో రకం. మాట తనలోని ఇంకో అర్థాన్ని తాకే చోట్లు. మీ ఉత్తరంలో ఇలాంటివి మూడు కనిపించాయి. అసలు పనంతా ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం తీరిగ్గా చూద్దాం.

మొదటిది, చెల్లెలు అక్కతో అనే మాట: ‘యూ ఆర్ ద ఫెయిర్ వన్. సో బీ ఫెయిర్.’ నువ్వే కదా తెల్లగా, అందంగా ఉన్నదానివి, న్యాయంగానూ ఉండు అని. మీరు ‘బియొందా’, ‘జూస్తా’ అని రెండు మాటలు పెట్టారు. అర్థం వచ్చింది, ఒకే మాటలో రెండు అర్థాలు తగిలే ఆట పోయింది. ఇక్కడ ‘కియారో’తో ప్రయత్నించి చూడండి. లేత రంగు జుట్టు ‘కాపెల్లి కియారి’. లావాదేవీల్లో అందరూ వాడే సామెత ‘పాత్తి కియారి, అమిచీత్సియా లుంగా’, ఒప్పందాలు స్పష్టంగా ఉంటే స్నేహం నిలుస్తుందని. ‘లా కియారా సెయి తు. అల్లోరా పాత్తి కియారి’ అంటే, రంగూ ఒప్పందమూ ఒకే మాటలో కలుస్తాయి, ఇటాలియన్ పాఠకులకు సామెత మిగతా సగం దానంతట అదే గుర్తొస్తుంది. పోయేదేమిటంటే న్యాయం పలుచబడుతుంది. స్పష్టమైన ఒప్పందం అన్యాయమైనది కూడా కావచ్చు కదా. ఇంకో దారి ‘బెల్లా’ పట్టుకోవడం: ‘లా బెల్లా సెయి తు. బెల్లా జుస్తీత్సియా!’ ఇందులో అందం ఉంది, న్యాయం ఉంది, ఏ ఇటాలియన్ ఇంట్లోనైనా వినిపించే ధోరణి. కానీ ‘బెల్లా జుస్తీత్సియా’ అన్నది ఎత్తిపొడుపు, బాగానే ఉంది నీ న్యాయం అన్నట్టు. మీరు చెప్పిన సన్నివేశంలో చెల్లెలు ఎత్తిపొడవడం లేదు, బతిమాలుతోంది. జుట్టు రంగు కూడా పోతుంది. నా మొగ్గు ‘కియారో’ వైపే, ఎందుకంటే అది రెండో చోట కూడా పనికొస్తుంది.

రెండోది, తల్లి తన మొగుడి గురించి చెప్పేది: ‘ఐ మ్యారీడ్ ఎ ఫెయిర్ మ్యాన్.’ బంగారు జుట్టువాడనా, న్యాయవంతుడనా? ఇంగ్లిష్ పాఠకులు కొన్ని పేజీలు ఆ సందిగ్ధంలోనే నడుస్తారు. ‘ఉన్ ఉవోమో జూస్తో’ అంటే ఆ సందిగ్ధం ఉండదు, ఒకే అర్థం. ‘బియొందో’ అన్నా అంతే. ‘ఉన్ ఉవోమో కియారో, ది కాపెల్లి ఎ ది పరోలా’ అని చూడండి: జుట్టులోనూ మాటలోనూ తేటగా ఉన్నవాడు. ఇచ్చిన మాట తప్పనివాణ్ణి ఇటాలియన్‌లో ‘ఉవోమో ది పరోలా’ అంటారు కాబట్టి నిజాయితీ కూడా దాంతోపాటు వచ్చేస్తుంది. నష్టం లేదా అంటే ఉంది. మూలంలో రెండు అర్థాల్లో ఏదో ఒకటి అని వదిలేసింది, ఇక్కడ రెండూ చేతికిచ్చేస్తున్నాం. పాఠకులు తేల్చుకోవాల్సిన పని ఉండదు. ఆ సందిగ్ధం కథకు ఎంత ముఖ్యమో రచయిత్రి ఒక్కతే చెప్పగలదు. అడగండి.

మూడోది కష్టమైనది: ‘నథింగ్ ఎట్ ద ఫెయిర్ వజ్ ఫెయిర్.’ సంతలో ఏదీ న్యాయంగా లేదు అని. దీన్ని ఆ వాక్యంలోనే కాపాడాలని చూస్తే వాక్యం విరిగిపోతుంది. ‘అల్లా ఫియేరా నియెంతే ఎరా జూస్తో’ అని సాదాగా రాసేసి ముందుకు వెళ్లండి. కానీ ‘ఫియేరా’కు ఇటాలియన్‌లో సొంత సంపద ఉంది. సంత ఒకటి. తల ఎత్తుకు నడిచే ఆడమనిషి, ఆత్మాభిమానం గలది, అదీ ‘ఫియేరా’నే. క్రూరమృగమూ ‘ఫియేరా’నే. మహాకవి దాంతె ‘ఇన్ఫెర్నో’ కావ్యం మొదటి సర్గలో అడవిలో ఎదురయ్యే మచ్చల మృగానికి ఆ మాటే వాడాడు, ఇటలీలో బడికెళ్లిన ప్రతివాళ్లకీ అది తెలుసు. మీరు చెప్పిన సన్నివేశంలో నాలుగు వాక్యాల తర్వాత అక్క తల ఎత్తుకుని గుంపులోంచి నడిచిపోతుంది, ఇంగ్లిష్‌లో అక్కడ ఉన్నది ‘ప్రౌడ్’. అక్కడ ‘కమ్మినావా ఫియేరా పెర్ లా ఫియేరా’ అనండి. ఒక చోట పోయిన ఆట నాలుగు వాక్యాల అవతల దొరుకుతుంది. అనువాదకులు దీన్ని పరిహారం అంటారు. ఇంకొకటి కూడా ఉంది, మీరు గమనించే ఉంటారు. ఫెయిర్ కాపీ ‘బెల్లా కోపియా’ అయితే చిత్తుప్రతి ‘బ్రుత్తా కోపియా’. ఒకరిని ఇంకొకరికి ‘బ్రుత్తా కోపియా’ అంటే నాసిరకం నకలు అని తిట్టు. వీలునామా శుభ్రమైన ప్రతి చేతిలో పట్టుకున్న చెల్లెలు, జీవితమంతా అక్కకు తాను ‘బ్రుత్తా కోపియా’నే అనుకోవడం ఆ పేజీలో ఎంత సహజంగా కూర్చుంటుందో చూడండి. ఇంగ్లిష్‌లో లేని గాయం ఇది, ఇటాలియన్ తనంతట తాను ఇస్తోంది. అందుకే జాగ్రత్త కూడా కావాలి. ఇలాంటివి ఒకటి రెండు దాటితే రచయిత్రి ‘ఇది నేను రాయలేదు’ అంటుంది, ఆ మాట న్యాయమే అవుతుంది. ఆమెకు చెప్పకుండా ఒక్కటి కూడా పెట్టకండి.

రచయిత్రికి ఏం రాయాలన్నది దీనివల్ల తేలికవుతుంది. తొమ్మిది మాటల్ని సమర్థించుకుంటూ పెద్ద వివరణ పంపొద్దు, ఆమె దాన్ని సాకుగా చదువుతుంది. ఇంగ్లిష్‌లో రెండు మాటలు కలిసిపోయిన సంగతి రెండు వాక్యాల్లో చెప్పి, నేరుగా ఈ మూడు చోట్లకు రండి. ప్రతి చోటా దొరికినవేమిటి, పోయేదేమిటి రాసి, ‘మీరైతే ఏది వదులుకుంటారు?’ అని అడగండి. నిర్ణయంలో భాగం దొరికిన రచయితల కోపం చాలావరకు చల్లారుతుంది. ఇటాలియన్ నవలాకారుడు ఉంబెర్తో ఎకో ఉదాహరణ చెబితే ఆమె వినొచ్చు. ఆయన నవల ‘ఫూకో లోలకం’లో కొండల మధ్య ప్రకృతిని చూస్తూ ఇటాలియన్ కవి లెయొపార్ది కవితలోని కంచెను తలుచుకునే వాక్యం ఉంది. ఇటాలియన్‌లకు ఆ కంచె అనగానే 1819 నాటి ఆ పద్యం గుర్తొస్తుంది, మరొకరికి అది వట్టి కంచె. కంచె ఉండాల్సిన పని లేదు, ప్రకృతిని సాహిత్యం గుండా చూడటం ఉంటే చాలు, మీ భాషలోంచి మీరు ఏదైనా తెచ్చుకోండి అని ఎకో తన అనువాదకులకు చెప్పాడు. ఇంగ్లిష్ అనువాదకుడు విలియం వీవర్ అక్కడ ఇంగ్లిష్ కవి కీట్స్ పద్యంలో వచ్చే డేరియన్ అనే చోటును పెట్టాడు. అనువాదమంటే బేరసారాలు అని ఎకో అనేవాడు, ఏం వదిలి ఏం దక్కించుకోవాలో ఇరుపక్షాలూ కూర్చుని తేల్చుకోవడం. మీ రచయిత్రికి ఇప్పటిదాకా ఫలితం చూపించారు తప్ప, బేరం దగ్గరికి పిలవలేదు.

నవల పేరు విషయం ఆమె అడిగితే, ఇటలీలో మామూలుగా చివరి మాట ప్రచురణకర్తదేనని చెప్పండి. మీ వంతుగా రెండు మూడు సూచించవచ్చు. ఇంగ్లిష్ పేరే ఉంచేస్తే ఇటాలియన్ పాఠకులకు ‘ఫెయిర్ ప్లే’ తప్ప ఏమీ స్ఫురించదు. ‘ఫియేరా’ అంటే ఒకే మాట, లోపల అర్థాలు, మూలంలో ఉన్నట్టే. కానీ న్యాయం పూర్తిగా పోయి అక్క మీదికి బరువు వెళ్లిపోతుంది. ‘లా పార్తె జూస్తా’ అంటే న్యాయమైన వాటా, సరైన పక్షం అని కూడా. ఇల్లు పంచుకునే కథకు ఇంతకంటే దగ్గరగా వచ్చేది నాకు తోచలేదు. అందమూ సంతా అందులో ఉండవు. అడుగున గమనిక పెట్టి ‘ఇంగ్లిష్‌లో ఇక్కడ శ్లేష ఉంది’ అని చెప్పే ఆలోచన మీ ఉత్తరంలో ఉంది. కథ నడిమధ్య వద్దు, చదివేవాళ్ల చెయ్యి పట్టి ఆపినట్టవుతుంది. పుస్తకం చివర అనువాదకురాలి మాటగా రెండు పేజీలు ఇవ్వమని అడగండి. అక్కడ ఈ మాట కథంతా చెప్పుకోవచ్చు.

మీ ఆయన విషయం. దయచేసి ఆయన్ని ‘ఈ మాటా, ఆ మాటా?’ అని అడగడం మానేయండి. విడిగా ఒక మాట ఇచ్చి అడిగితే ఎవరి చెవైనా ఒకరోజు ఒకటి చెబుతుంది. ఆయన మాట మార్చడం లేదు, మీ ప్రశ్నకు జవాబు ఉండటం లేదు. ఏ మాట గురించి అడుగుతున్నారో చెప్పకుండా ఒక పేజీ మొత్తం చదివి వినిపించండి. ఆయన ఎక్కడ తల ఎత్తారో, ఎక్కడ కనుబొమ ముడిచారో చూసుకోండి. మీకు కావాల్సింది అదే, దానికి వాదన అక్కర్లేదు.

పరాయిదాన్ని అన్నారు. ఇటాలియన్‌లో ‘మి లావో లె మాని’ అంటారు కదా, మనం చేతులు కడుక్కుంటున్నాను అన్నట్టు. ఇంగ్లిష్‌లో ‘నా చేతులు’ అనకపోతే కుదరదు. ఇటాలియన్‌లో ఆ ‘మి’ చేసే పని తెలుగులో ‘కొను’ చేస్తుంది. ఇంగ్లిష్ ‘గెట్’ వాడే చాలా చోట్ల మనకూ ఇటాలియన్‌లకూ ఇదే దారి: పెళ్లి చేసుకోవడం ‘స్పొజార్సి’, కోపం తెచ్చుకోవడం ‘అర్రబ్బ్యార్సి’. ఇంగ్లిష్ ఒక మాటతో చేసే పనిని ఇంకో భాష పూర్తిగా వేరే చోట చేస్తుందన్న ఎరుక మీకు చిన్నప్పటి నుంచీ ఉంది. ‘ఫియేరా’నూ ‘బ్రుత్తా కోపియా’నూ పట్టుకునే చూపు ఆ ఎరుకలోంచే వస్తుంది. రివైజర్ చెవి అవసరమే, వాక్యం నడక విషయంలో ఆయన మాట వినండి. మాటల మధ్య దారులు వెతకడంలో మాత్రం మీరు ఆయనకంటే తక్కువేమీ కాదు.

చివరగా పేరూ, అడ్వాన్సూ. ఇటలీలో అనువాదాన్ని 1941 ఏప్రిల్ 22 నాటి 633వ నంబరు కాపీరైటు చట్టం సృజనాత్మక రచనగానే గుర్తిస్తుంది. మీ గౌరవానికో పేరుకో భంగం కలిగేలా ఆ పనిని మార్చితే అభ్యంతరం చెప్పే హక్కును దాని 20వ సెక్షన్ ఇస్తుంది. అది ఆఖరి ఆయుధం, పర్యాయపదాల తగవుకు దాన్ని బయటికి తీయాల్సిన అవసరం రాకపోవచ్చు. అయినా ఉందని తెలిసి మాట్లాడటం వేరు. ముందు మీ ఒప్పందం తీసి, ముద్రణకు ముందు ప్రూఫులు మీకు చూపించాలని ఉందో లేదో చూడండి. ఉంటే రివైజర్ మార్పులు చివరి మాట కావు. లేకపోతే ఇప్పుడే మెయిల్‌లో అడగండి, తర్వాత అడిగితే ఆలస్యమవుతుంది. స్త్రాదే అని అనువాదకుల సంఘం ఒకటి ఉంది, ఒప్పందాల విషయంలో సభ్యులకు సలహా ఇస్తుంది. ఇలాంటి వాటికి వాళ్లను సంప్రదించవచ్చు.

పేరు తీసేయమంటే మనశ్శాంతి దొరుకుతుందని మీకు అనిపిస్తోంది. కొన్నాళ్లు దొరకొచ్చు. కానీ తర్వాతి పుస్తకం వచ్చేది టైటిల్ పేజీ మీద ఉన్న పేరు వల్లే. పైగా ఆ మార్జిన్ వ్యాఖ్యకు మీరే సంతకం పెట్టినట్టవుతుంది, నాకు ఎక్కువ భయం దానిగురించే. అడ్వాన్సు తిరిగిస్తే పుస్తకం ఇంకొకరికి వెళ్తుంది, వాళ్లూ ఆ తొమ్మిది మాటల దగ్గరే మొదలెడతారు. మీరు అక్కడ నుంచి చాలా దూరం వచ్చేశారు. ఎలాగూ తప్పుకోవాలనే అనిపిస్తే, రివైజర్‌తో ఆ గంట కూర్చున్నాక, రచయిత్రి జవాబు వచ్చాక, ప్రూఫులు చూశాక తప్పుకోండి. అప్పటికి ఆ సంత సన్నివేశంలో ‘నొన్ ఎ జూస్తో’ నిలబడిందో లేదో తెలిసిపోతుంది. అది లేకపోతే మీరు పేరు తీసేయమన్నా నేను కాదనను.